పాపకి 14 నెలలు, పెద్ద ప్లీహం, స్మియర్ నిండా న్యూక్లియేటెడ్ ఎర్రకణాలు: మూలుగ బయట రక్తం తయారవుతోందా?

స్మియర్‌రూమ్

అందరికీ నమస్కారం. ఒక శాంపిల్ గురించి తొందరగా సలహా కావాలి.

పాపకి 14 నెలలు, బరువు 8 కిలోలు. తల్లిదండ్రులది మేనరికం. హీమోగ్లోబిన్ 4.9, ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 62, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు. తెల్లకణాలు మెషీన్ లెక్కలో 46,000, పక్కన ఫ్లాగ్ (అనుమానపు గుర్తు). స్మియర్‌లో (గాజుపలక మీద పరిచిన రక్తపు చుక్కలో) ఎర్రకణాలు బాగా పాలిపోయి, చిన్నాపెద్దా కలగలిసి ఉన్నాయి. టార్గెట్ సెల్స్, కన్నీటిబొట్టు ఆకారపు కణాలు ఎక్కువే. 100 తెల్లకణాలు లెక్కపెట్టేలోపు 260 న్యూక్లియేటెడ్ ఆర్‌బీసీలు (కేంద్రకం ఇంకా పోని, ఎదగని ఎర్రకణాలు) వచ్చాయి. అక్కడక్కడ మైలోసైట్లు (ఎదగని తెల్లకణాలు) ఉన్నాయి, బ్లాస్ట్‌లు (రక్త క్యాన్సర్‌లో కనిపించే తొలిదశ కణాలు) కనపడలేదు. వార్డు కాగితంలో ప్లీహం పక్కటెముకల కింద 6 సెం.మీ., కాలేయం 4 సెం.మీ. అని రాసి ఉంది. రెండు నెలలుగా ఐరన్ సిరప్ పోస్తున్నారట. రిఫరల్ చీటీ మీద ల్యుకేమియా (రక్త క్యాన్సర్) అని రాసి ప్రశ్న గుర్తు పెట్టారు. రాత్రికి రక్తం ఎక్కించే ఏర్పాట్లు జరుగుతున్నాయి.

కాలేయం, ప్లీహం పెరగడం, ఇన్ని న్యూక్లియేటెడ్ కణాలు రక్తంలోకి రావడం చూస్తే ఎముక మూలుగ బయట రక్తం తయారవుతోందనే అనిపిస్తోంది. కానీ ఇంత చిన్న వయసులోనే ఎందుకు ఇలా అవుతుంది? పెద్దవాళ్లలో ఇంతకంటే తక్కువ హీమోగ్లోబిన్‌తో వచ్చినా ప్లీహం ఇలా పెరగదు కదా. ఆ 46,000 రిపోర్టులో ఎలా రాయాలి? రక్తం ఎక్కించేలోపు ల్యాబ్ వైపు నుంచి తప్పకుండా చేయాల్సినవి ఏమిటి?

రక్తనిధి_డ్యూటీ

చివరి ప్రశ్నకి ముందు జవాబు, ఎందుకంటే దానికే టైమ్ లేదు. బ్యాగు తగిలించకముందే శాంపిళ్లు తీసిపెట్టండి.

ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని) ట్యూబులు రెండు, ఒక్కోదాంట్లో 2 మి.లీ. ఒకటి హెచ్‌పీఎల్‌సీకి (హీమోగ్లోబిన్ రకాలని విడదీసి కొలిచే పరీక్ష), రెండోది డీఎన్ఏకి. ప్లెయిన్ ట్యూబులో 2-3 మి.లీ. తీస్తే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపేది), బిలిరుబిన్, క్యాల్షియం, కాలేయ పరీక్షలు, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి బేస్‌లైన్ అన్నీ వస్తాయి. క్రాస్‌మ్యాచ్ శాంపిల్ మామూలే. దాంతోపాటు రీటిక్ కౌంట్ (కొత్తగా వచ్చిన ఎర్రకణాల లెక్క), డైరెక్ట్ కూంబ్స్ (ఎర్రకణాలకి అంటుకున్న యాంటీబాడీల పరీక్ష) పెట్టండి. జీ6పీడీ (ఎర్రకణాల్లోని ఒక ఎంజైమ్) కూడా ఇప్పుడే చేయించాలి. రక్తం ఎక్కాక దాత కణాల ఎంజైమే కొలుస్తాం.

హెచ్‌పీఎల్‌సీ విషయంలోనూ అంతే. దాత రక్తంలో ఉండేది దాదాపు అంతా హీమోగ్లోబిన్ ఎ (పెద్దవాళ్ల మామూలు రకం). ఒక్క బ్యాగు ఎక్కినా చార్టు మీద ఎ కనిపిస్తుంది, ఎఫ్ (గర్భంలోని బిడ్డ రకం) శాతం పడిపోతుంది, రిపోర్టు ఎటూ తేలదు. ఆ తర్వాత నిఖార్సైన చార్టు కావాలంటే సుమారు 3 నెలలు రక్తం ఎక్కించకుండా ఆగాలి. ఇది తలసీమియా మేజర్ (హీమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని జన్యు జబ్బు, తీవ్ర రకం) అయితే పాపని అలా ఆపలేం. శాంపిల్ తీయకుండానే రక్తం ఎక్కేసి ఉంటే తల్లిదండ్రుల ఇద్దరి హెచ్‌పీఎల్‌సీ, పాప డీఎన్ఏ ఈ రెండే దారులు.

ఇంకొకటి. పాప ఏబీఓ, డి గ్రూపుతో ఆపకండి. సి, చిన్న సి, ఇ, చిన్న ఇ, కెల్ యాంటిజెన్‌లు (ఎర్రకణాల మీది గుర్తులు) ఈరోజే టైప్ చేసి కార్డు మీద రాయండి. దాత కణాలు కలిశాక ఈ టైపింగ్ మిక్స్‌డ్ ఫీల్డ్ (రెండు రకాల కణాలు కలిసిన ఫలితం) చూపిస్తుంది. ఏళ్ల తరబడి రక్తం అవసరమయ్యే పిల్లలకి ఈ యాంటిజెన్‌లు కూడా సరిపోయే యూనిట్ ఇస్తేనే యాంటీబాడీలు తక్కువగా పుడతాయి. యాంటీబాడీ పుట్టాక యూనిట్ వెతకడం ఎంత కష్టమో బ్లడ్‌బ్యాంకులో పనిచేసే ఎవరినడిగినా చెప్తారు.

పాథాలజీ_బల్ల

46,000ని అలాగే రిపోర్టులో వదిలేయకండి. పాత తరహా మెషీన్లు ఎర్రకణాలని కరిగించి, మిగిలిన న్యూక్లియస్‌లన్నిటినీ తెల్లకణాలుగా లెక్కేస్తాయి. న్యూక్లియేటెడ్ ఎర్రకణం కూడా ఆ లెక్కలోకే వెళ్లిపోతుంది. సరిచేసే సూత్రం మీకు తెలిసిందే: మెషీన్ లెక్క × 100 ÷ (100 + న్యూక్లియేటెడ్ కణాలు). మీ పాపకి 46,000 × 100 ÷ 360 అంటే సుమారు 12,800. ఆ వయసుకి అది మామూలు సంఖ్యే. చీటీ మీద ల్యుకేమియా అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో ఇక్కడే అర్థమవుతుంది. 46,000, పెద్ద ప్లీహం, తెల్లగా పాలిపోయిన పాప, ఈ మూడూ చూస్తే ఎవరికైనా ముందు అదే భయం కలుగుతుంది.

కాకపోతే ముందు ఒకటి చూసుకోండి. మీ మెషీన్‌కి న్యూక్లియేటెడ్ కణాల ఛానెల్ విడిగా ఉంటే అది తానే సరిచేసి ఇస్తుంది. అప్పుడు మళ్లీ మీరు భాగిస్తే తెల్లకణాలు నాలుగో వంతుకి దిగిపోయి, లేని న్యూట్రోపీనియా (ఒక రకం తెల్లకణాల లోటు) పుట్టుకొస్తుంది. రిపోర్టు కింద సరిచేసిన సంఖ్య, 100కి ఎన్ని న్యూక్లియేటెడ్ కణాలు, సరిచేసింది మెషీనా మనిషా అన్నవి మూడూ రాయండి.

స్మియర్ వివరాలు బీటా తలసీమియా మేజర్‌కి చక్కగా సరిపోతున్నాయి. రీటిక్ కూడా దీనికి కీలకం. 4.9 హీమోగ్లోబిన్‌కి హీమోలిసిస్ (రక్తంలో ఎర్రకణాలు పగిలిపోయే) జబ్బుల్లో రీటిక్ బాగా పెరగాలి. తలసీమియాలో అంత పెరగదు, ఎందుకంటే కణాలు మూలుగలోనే చచ్చిపోతున్నాయి, బయటకొచ్చేవి కొన్నే.

హెచ్‌పీఎల్‌సీ వచ్చినప్పుడు: 14 నెలల బిడ్డకి మామూలుగా హీమోగ్లోబిన్ ఎఫ్ 1-2 శాతానికి దిగి ఉండాలి. మేజర్‌లో అది చార్టులో సింహభాగం ఆక్రమిస్తుంది, ఎ అసలు ఉండదు, లేదా కొద్దిగా ఉంటుంది. ఎ2 (కొద్దిగా ఉండే ఇంకో హీమోగ్లోబిన్ రకం) ఎంతన్నది పాపలో పెద్దగా ఉపయోగపడదు, తల్లిదండ్రుల్లో మాత్రం అదే ముఖ్యం. 3.5 శాతం దాటి, ఎంసీవీ తక్కువ ఉంటే క్యారియర్ (జబ్బు లేకుండా లోపాన్ని మోసేవాళ్లు). ఎ2 దగ్గర 10 శాతం దాటి కనిపిస్తే అది హీమోగ్లోబిన్ ఇ అయ్యే అవకాశం ఎక్కువ, రెండూ ఒకే కిటికీలో (చార్టులో ఒకే చోట) వస్తాయి. ఉత్తరాంధ్ర ఏజెన్సీ నుంచో ఆదిలాబాద్ వైపు నుంచో వచ్చిన గిరిజన కుటుంబమైతే ఎస్ (సికిల్ హీమోగ్లోబిన్) కిటికీ కూడా జాగ్రత్తగా చూడండి, సికిల్-బీటా తలసీమియాలోనూ ప్లీహం పెరుగుతుంది.

పిల్లల_హెమటాలజీ

ఇంత చిన్న వయసులోనే ఎందుకు అన్న ప్రశ్నకి కాస్త వివరంగా చెప్పాలి. దీన్ని సరిగ్గా పట్టుకుంటే వైద్యం ఎటు వెళ్లాలో కూడా తెలుస్తుంది.

గర్భంలో రక్తం మొదట తయారయ్యేది మూలుగలో కాదు. మూడో వారంలో యోక్ శాక్‌లో (పిండాన్ని అంటుకుని ఉండే సంచిలో) మొదలవుతుంది. ఆ తర్వాత మహాధమని గోడ దగ్గర పుట్టిన మూలకణాలు కాలేయానికి చేరతాయి. రెండో నెల నుంచి ఆరో నెల దాకా ప్రధాన కర్మాగారం కాలేయమే, ప్లీహం పాత్ర కొద్దిగా ఉంటుంది. మూలుగ మూడో నెల ప్రాంతంలో మొదలుపెట్టి, చివరి మూడు నెలల్లో బాధ్యత పూర్తిగా తీసుకుంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ కాలేయంలో రక్తం తయారయ్యే చిన్న గుంపులు కొన్ని వారాలపాటు మిగిలి ఉండి, మెల్లగా పోతాయి. అంటే పసిబిడ్డ కాలేయం, ప్లీహం ఈ పని నిన్నమొన్నటిదాకా చేసినవే.

రెండో కారణం ఇంకా ముఖ్యం. పెద్దవాళ్ల పొడవాటి ఎముకల్లో చాలా భాగం కొవ్వు నిండిన పసుపు మూలుగ ఉంటుంది. రక్తం అవసరం పెరిగితే ఆ కొవ్వు తప్పుకుని అక్కడ ఎర్ర మూలుగ పరుచుకుంటుంది. ఏడాది బిడ్డకి ఆ ఖాళీ లేదు. వేళ్ల చివరల నుంచి తల దాకా దాదాపు ప్రతి ఎముకలోనూ ఉన్నది ఎర్ర మూలుగే, అదీ పూర్తి పనిలో ఉన్నదే. ఇంకా కావాలంటే రెండే దారులు. ఎముకని లోపలినుంచి తోసి వెడల్పు చేయడం, లేదా కాలేయం, ప్లీహాల్లోకి వెళ్లడం. తలసీమియా పిల్లల్లో రెండూ జరుగుతాయి.

బీటా గ్లోబిన్ గొలుసు తయారుకానప్పుడు ఆల్ఫా గొలుసులు జత దొరక్క కణం లోపలే పేరుకుని పొరను పాడుచేస్తాయి. కణాల్లో ఎక్కువ భాగం పూర్తిగా ఎదగకముందే మూలుగలో నశిస్తాయి. కిడ్నీకి ఆక్సిజన్ అందడం లేదని తెలిసి ఎరిత్రోపొయెటిన్ (ఎర్రకణాల తయారీని పెంచే హార్మోన్) పంపుతూనే ఉంటుంది, మూలుగ ఇంకా పెరుగుతూనే ఉంటుంది, కణాలు ఇంకా చస్తూనే ఉంటాయి. మొదటి కొన్ని నెలలు హీమోగ్లోబిన్ ఎఫ్ కాపాడుతుంది కాబట్టి ఏమీ తెలియదు. ఎఫ్‌లో ఉండే గామా గొలుసు తగ్గి బీటా గొలుసు అవసరమయ్యే సమయానికి, అంటే 6 నెలల నుంచి 2 ఏళ్ల లోపు, పాలిపోవడం, పొట్ట పెరగడం, బరువు ఆగిపోవడం మొదలవుతాయి. 1925లో డెట్రాయిట్‌లో థామస్ కూలీ ఈ జబ్బుని విడిగా గుర్తించినప్పుడు కూడా ఆయన చూసినవి పెద్ద ప్లీహం, మారిన ముఖం, పాలిపోయిన పసిపిల్లలే.

ఎక్స్‌రేలో చెయ్యి చూడండి, ఈ వయసులో అదే బాగా మాట్లాడుతుంది. అరచేతి ఎముకల మధ్యభాగం నడుం సన్నబడకుండా దీర్ఘచతురస్రంలా కనిపిస్తుంది, బయటి గట్టి పొర కాగితంలా పలచబడుతుంది, లోపల జాలీలా గీతలుంటాయి. పెరిగేకొద్దీ వేళ్లలో మూలుగ కొవ్వుగా మారుతుంది కాబట్టి ఈ మార్పులు అక్కడ తగ్గి, పుర్రె, పక్కటెముకలు, వెన్నులో మిగులుతాయి. పుర్రె ఎక్స్‌రేలో నిలబడ్డ వెంట్రుకల్లాంటి గీతలు ఏడాది దాటాకే మామూలుగా కనిపిస్తాయి, అవి లేవని తలసీమియా కాదనకండి. నుదురు ఉబ్బడం, చెంప ఎముకలు లేచి ముక్కు వంతెన అణగడం, పై పళ్లు ముందుకు రావడం ఇదే ఒత్తిడి వల్ల.

ప్లీహం పెరగడానికి మాత్రం రక్తం తయారీ ఒక్కటే కారణం కాదు. పాడైన కణాలని వడపోసి చంపే పని కూడా దానిదే, రెండూ కలిసి పెరుగుతుంది. పెద్దదయ్యేకొద్దీ మంచి కణాలని కూడా పట్టి ఉంచుతుంది, ప్లాస్మా పరిమాణం పెరిగి ఉన్న రక్తం ఇంకా పలచబడుతుంది. ఆ మలుపు దగ్గర ప్లీహం రక్తహీనతని సరిచేయడం పోయి దాన్ని ఇంకా పెంచుతుంది.

ఐరన్ సిరప్ ఈరోజే ఆపించండి. మూలుగలో ఇంత హడావిడి ఉన్నప్పుడు ఎర్రకణాల మాతృకణాలు ఎరిత్రోఫెరోన్ అనే హార్మోన్ విడుదల చేస్తాయి. అది కాలేయంలో హెప్సిడిన్‌ని అణచేస్తుంది. హెప్సిడిన్ లేకపోతే పేగు ఐరన్‌కి తలుపులు తెరిచేస్తుంది. ఒక్క చుక్క రక్తం ఎక్కించకపోయినా ఈ పిల్లల్లో ఐరన్ పేరుకుంటుంది. ఫెరిటిన్ చూడకుండా, తక్కువ ఎంసీవీ ఒక్కటే చూసి నెలల తరబడి సిరప్ రాయడం మన దగ్గర చాలా మామూలైపోయింది. దానివల్ల బిడ్డకి జరిగే నష్టంలో ఐరన్ సగమే, మిగతా సగం పోయిన కాలం.

స్మియర్‌రూమ్

శాంపిళ్లన్నీ తీశాం, టైపింగ్ కూడా అయింది. సరిచేసిన లెక్క 12,800 అని రాశాను. మెషీన్‌కి విడి ఛానెల్ లేదు, చూసుకున్నాను. డ్యూటీ డాక్టరు గారు 15 మి.లీ./కిలో చొప్పున ఒకేసారి ఎక్కిద్దామంటున్నారు. 4.9 హీమోగ్లోబిన్‌కి అది సరేనా? ప్లీహం మీద సర్జన్ అభిప్రాయం కూడా అడుగుతున్నారు.

పిల్లల_హెమటాలజీ

ఒకేసారి వద్దండి. నెలల తరబడి తక్కువ హీమోగ్లోబిన్‌కి అలవాటుపడిన గుండె ఇప్పటికే పెద్దదై, వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది. రక్తనాళాల్లో ప్లాస్మా ఎక్కువే ఉంది. దానిమీద 120 మి.లీ. వేగంగా పడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మొదటి హీమోగ్లోబిన్ 5 లోపు ఉన్నా, గుండె వైఫల్యం లక్షణాలు ఉన్నా మేం పాటించేది: ఒక్కో విడతకి 5 మి.లీ./కిలో, గంటకి 2 మి.లీ./కిలో మించకుండా. మీ పాపకి అంటే ఒక విడత 40 మి.లీ., గంటకి 10 నుంచి 16 మి.లీ. మధ్యలో. మర్నాడు మళ్లీ అంతే. ఊపిరి వేగం, గుండె వేగం, కాలేయం అంచు ప్రతి విడతకి ముందూ తర్వాతా చూడాలి. గుండె మీద భారం పెరుగుతున్న లక్షణాలుంటే ఫ్యూరోసెమైడ్ (ఒంట్లో నీటిని మూత్రంగా పంపే మందు) 0.5-1 మి.గ్రా./కిలో. బ్లడ్‌బ్యాంకు వాళ్లు ఒకే దాత యూనిట్‌ని చిన్న బ్యాగులుగా విడగొట్టి ఇస్తే పాప ఇద్దరు ముగ్గురు దాతలకి గురికావాల్సిన పని ఉండదు. ఫ్రిజ్ నుంచి తీసిన బ్యాగు 4 గంటల్లో పూర్తికావాలి, మిగిలింది పారేయాలి.

ల్యుకోరెడ్యూస్డ్ ప్యాక్డ్ సెల్స్ అడగండి. తెల్లకణాలు తీసేస్తే జ్వరం రియాక్షన్లు, సైటోమెగాలోవైరస్ సంక్రమణ, హెచ్ఎల్ఏ (మార్పిడికి సరిపోల్చే కణాల గుర్తులు) యాంటీబాడీలు తగ్గుతాయి. రేపు ట్రాన్స్‌ప్లాంట్ (మూలకణాల మార్పిడి) ఆలోచించాల్సివస్తే చివరిది చాలా విలువైనది. అమ్మానాన్నల రక్తం, రక్తసంబంధీకుల రక్తం ఎక్కించకూడదు, అదీ ఇదే కారణంతో. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ ముందుకొస్తారు, వాళ్ల రక్తం వేరే పిల్లలకి ఉపయోగపడుతుందని చెప్పండి.

ప్లీహం మీద సర్జన్ అభిప్రాయం ఇప్పుడు అనవసరం. ఇక్కడ ప్లీహం జబ్బు కాదు, అడిగిన పని చేస్తోంది. ఆ అడగడాన్ని ఆపాలి. హీమోగ్లోబిన్ ఒక స్థాయి దాటి నిలకడగా ఉంటే ఎరిత్రోపొయెటిన్ తగ్గుతుంది, మూలుగ ఉధృతి తగ్గుతుంది, కాలేయం, ప్లీహం నెలల మీద వెనక్కి వస్తాయి. ఎముకల మార్పులు కూడా తొందరగా మొదలుపెడితే కొంత వరకు సర్దుకుంటాయి, ఆలస్యమైతే ముఖం అలాగే ఉండిపోతుంది.

ఆ స్థాయి ఎంత అన్నది అందరూ గట్టిగా పట్టుకోవాల్సిన సంఖ్య. రక్తం ఎక్కించేముందు 9.5 నుంచి 10.5 మధ్య ఉండాలి. ఎక్కించాక 13 నుంచి 15 మధ్య, 15 దాటకూడదు. మూలుగ బయటి తయారీ ఇబ్బంది పెట్టే స్థాయిలో ఉంటే, గుండె జబ్బు ఉంటే ముందు స్థాయి 11-12 పెట్టుకోవచ్చు. ఆచరణలో జరిగేది వేరు. వేసవిలో దాతలు తగ్గుతారు, రావాల్సిన తేదీకి యూనిట్ దొరకదు, బిడ్డ హీమోగ్లోబిన్ 6-7కి దిగాక తీసుకొస్తారు, 10కి ఎక్కించి పంపేస్తారు. బిడ్డ బతుకుతుంది, నడుస్తుంది, కానీ మూలుగకి ఎప్పుడూ విశ్రాంతి దొరకదు. ఏళ్ల తరబడి అలా రక్తం తీసుకున్న పిల్లలకి ఇటు ప్లీహమూ పెరుగుతుంది, అటు ఐరనూ పేరుకుంటుంది.

జీవితాంతం రక్తం మొదలుపెట్టాలా అన్న నిర్ణయానికి మామూలు కొలత: తలసీమియా అని తేలి, హీమోగ్లోబిన్ 2 వారాల పైబడిన తేడాతో రెండుసార్లు 7 లోపు ఉండాలి, ఆ సమయంలో ఇన్ఫెక్షన్ లాంటి వేరే కారణం ఉండకూడదు. 7 పైన ఉన్నా ముఖం మారుతున్నా, ఎదుగుదల ఆగినా, ఎముక విరిగినా, మూలుగ బయటి తయారీ స్పష్టంగా ఉన్నా మొదలుపెట్టాలి. 4.9తో వచ్చిన ఈ పాపకి ఈరోజు ఎక్కించేది అత్యవసరం కింద, కొలత కోసం ఆగక్కర్లేదు.

స్థిరపడ్డాక ఎంత ఎక్కించాలో లెక్క: (కావలసిన హీమోగ్లోబిన్ − ఉన్నది) × బరువు × 3 ÷ బ్యాగు హెమటోక్రిట్ (బ్యాగులో ఎర్రకణాల వాటా). 10 కిలోల బిడ్డ, 9.5 నుంచి 12.5కి తేవాలి, బ్యాగు హెమటోక్రిట్ 0.60 అనుకుంటే 3 × 10 × 3 ÷ 0.6 = 150 మి.లీ. గుండె బాగుంటే 3-4 గంటల్లో, గంటకి 5 మి.లీ./కిలో మించకుండా. 3 వారాలకోసారి వస్తే ఏడాదికి 17 సార్లు, 2,550 మి.లీ. అందులో అచ్చమైన ఎర్రకణాలు 1,530, అంటే కిలోకి 153 మి.లీ. ఈ సంఖ్య ఏటా రాసిపెట్టండి. కిలోకి 200-220 దాటితే ప్లీహం కణాలని మింగేస్తోందా, యాంటీబాడీలు పుట్టాయా అని వెతకాలి. ప్లీహం తీయడం గురించి ఆలోచన ఆ దశలో, అదీ 5 ఏళ్లు నిండాక. అంతకంటే ముందు తీస్తే న్యుమోకాకస్ లాంటి క్రిముల సెప్సిస్ ప్రాణం తీస్తుంది. తీయక తప్పకపోతే న్యుమోకాకల్, హిబ్, మెనింజోకాకల్ టీకాలు కనీసం 2 వారాల ముందు వేయాలి.

పాథాలజీ_బల్ల

హెచ్‌పీఎల్‌సీ వచ్చేదాకా వేరే జబ్బులని మనసులోంచి తీసేయకండి. పసిపిల్లల్లో మూలుగ బయట రక్తం తయారవుతోందంటే మూడు రకాల కారణాలుంటాయి: అవసరం విపరీతంగా పెరగడం, మూలుగకి చోటు లేకపోవడం, మూలుగలో పరాయి కణాలు చేరడం.

చోటు లేకపోవడం అంటే ముఖ్యంగా ఆస్టియోపెట్రోసిస్, రాతి ఎముకల జబ్బు. ఎముకని కరిగించే ఆస్టియోక్లాస్ట్‌లు పనిచేయవు, ఎముక లోపల బోలు ఏర్పడదు, మూలుగకి ఇల్లే ఉండదు. తీవ్రమైన రకం మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది. ఇది కూడా తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే జన్యులోపమే కాబట్టి మేనరికాలున్న కుటుంబాల్లో తప్పక గుర్తుకు రావాలి. తేడాలు ఇవీ: ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, ఎంసీవీ తక్కువ ఉండదు, క్యాల్షియం తక్కువై మూర్ఛలు రావచ్చు, కళ్లు వస్తువుల వెంట తిరగవు, ఎందుకంటే కంటి నరం దూరే రంధ్రం బిగుసుకుపోతుంది. ఎక్స్‌రేలో ఎముకలన్నీ సుద్దముక్కల్లా తెల్లగా, ఎముకలో ఎముక ఉన్నట్టు కనిపిస్తాయి. మూలుగ తీయబోతే సూది దిగదు, దిగినా ఏమీ రాదు. సుమారు సగం మందిలో టీసీఐఆర్‌జీ1 జన్యులోపం ఉంటుంది. వీళ్లకి మూలకణాల మార్పిడే వైద్యం, చూపు పోకముందు. జన్యుపరీక్ష తప్పనిసరి, ఎందుకంటే ఆర్ఏఎన్‌కేఎల్ లోపంలో మార్పిడి పనిచేయదు, ఓఎస్‌టీఎమ్1 రకంలో మెదడు దెబ్బతినడం ఆగదు. ఛాతీ, చెయ్యి ఎక్స్‌రే ఒక్కటి తీస్తే ఈ అనుమానం తీరిపోతుంది.

ఇక జువెనైల్ మైలోమోనోసైటిక్ ల్యుకేమియాలో (పసిపిల్లల్లో వచ్చే అరుదైన రక్త క్యాన్సర్) ఒక ఉచ్చు ఉంది. ఇక్కడ కూడా ప్లీహం పెద్దది, న్యూక్లియేటెడ్ కణాలు, మైలోసైట్లు కనిపిస్తాయి, హీమోగ్లోబిన్ ఎఫ్ కూడా వయసుకి మించి ఉండవచ్చు. ఎఫ్ ఎక్కువ అని చూసి తలసీమియా అని రాసేయకూడదు. మోనోసైట్లు మైక్రోలీటర్‌కి 1,000 దాటి ఉండటం, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండటం, తల్లిదండ్రుల ఎ2 మామూలుగా ఉండటం దాన్ని పట్టిస్తాయి.

పూర్తి శాకాహారి తల్లి పాలమీదే ఉన్న బిడ్డలో బి12 లోపం కూడా తీవ్ర రక్తహీనత, కొద్దిపాటి ప్లీహంతో రావచ్చు. ఎంసీవీ ఎక్కువ, వేళ్ల కణుపులు నల్లబడటం, వచ్చిన మాటలు, కూర్చోవడం వెనక్కి పోవడం గుర్తులు. మలేరియా స్మియర్ ఎలాగూ చూసే ఉంటారు. ప్లీహం ఒక్కటే పెద్దదై, కాలేయం మామూలుగా ఉండి, రక్తపు వాంతులు ఉంటే పోర్టల్ సిర మూసుకుపోవడం, అది వేరే దారి.

అప్పుడే పుట్టిన బిడ్డల సంగతి విడిగా చూడాలి. నెలలు నిండిన బిడ్డకి మొదటి రోజుల్లో 100 తెల్లకణాలకి 10 దాకా న్యూక్లియేటెడ్ కణాలు మామూలే, వారంలో పోతాయి. తల్లీబిడ్డల ఆర్‌హెచ్ గ్రూపు పడకపోవడం, గర్భంలో రుబెల్లా, సైటోమెగాలోవైరస్ లాంటివి ఉంటే చర్మంలో కూడా రక్తం తయారై ఊదారంగు బొడిపెలు కనిపిస్తాయి. నొక్కితే తెల్లబడవు, కొన్ని వారాల్లో వాడిపోతాయి. వాటిని బయాప్సీ చేసేముందు బ్లడ్‌గ్రూపు, కూంబ్స్, ఇన్ఫెక్షన్ పరీక్షలు పంపండి.

బయాప్సీ మాట వచ్చింది కాబట్టి: కాలేయం బయాప్సీలో సైనుసాయిడ్ల (సన్నటి రక్తనాళాల) మధ్య గుండ్రటి నల్లటి కేంద్రకాలున్న చిన్న కణాల గుంపులు కనిపిస్తే ల్యుకేమియా, న్యూరోబ్లాస్టోమా (పిల్లల్లో వచ్చే నరాల క్యాన్సర్) అని పొరబడే అవకాశం ఉంది. ఆ గుంపులో ఒక్క మెగాకేరియోసైట్ (ప్లేట్‌లెట్లు తయారుచేసే పెద్ద కణం) దొరికితే, ఎర్రకణాల వరుస అన్ని దశల్లోనూ కనిపిస్తే మూలుగ బయటి తయారీ అని ధైర్యంగా రాయవచ్చు. ఈ పాపకి మాత్రం బయాప్సీ, ప్లీహం సూది పరీక్ష రెండూ వద్దు, రక్తస్రావం ప్రమాదం తప్ప కొత్తగా తెలిసేదేమీ లేదు. హెచ్‌పీఎల్‌సీ స్పష్టంగా ఉంటే మూలుగ పరీక్ష కూడా అక్కర్లేదు.

స్మియర్‌రూమ్

హెచ్‌పీఎల్‌సీ వచ్చింది. పాప: ఎఫ్ 94 శాతం, ఎ2 2.8. తల్లి ఎ2 5.4, తండ్రి 5.1, ఇద్దరి ఎంసీవీ 65 లోపే. ఫెరిటిన్ 310. చెయ్యి ఎక్స్‌రే మీరు చెప్పినట్టే ఉంది, ఎముక బయటి పొర బాగా పలచన, రాతి ఎముకల లక్షణాలు లేవు. రక్తం మూడు విడతలుగా ఎక్కింది, ఇబ్బంది రాలేదు. ఒక కొత్త సంగతి తెలిసింది. తల్లి మళ్లీ గర్భవతి, ఇప్పుడు ఎనిమిదో వారం.

పిల్లల_హెమటాలజీ

అయితే ఈ వారమే పరుగెత్తాల్సింది తల్లి విషయంలో. ఆ గర్భానికి కూడా మేజర్ వచ్చే అవకాశం 4లో 1. కోరియానిక్ విల్లస్ శాంపిల్ (మావి నుంచి తీసే చిన్న ముక్క) తీసేది 10 నుంచి 12 వారాల మధ్య. కానీ బిడ్డ నమూనాలో ఏ మ్యుటేషన్ వెతకాలో ల్యాబ్‌కి ముందే తెలిసి ఉండాలి. అందుకే పాపవి, తల్లిదండ్రులవి మూడు ఈడీటీఏ శాంపిళ్లు రేపే డీఎన్ఏ ల్యాబ్‌కి వెళ్లాలి. మీరు రక్తం ఎక్కించకముందు పక్కన పెట్టిన ట్యూబు ఇప్పుడు పనికొస్తుంది. మన దేశంలో తరచూ కనిపించే ఐవీఎస్ 1-5, ఐవీఎస్ 1-1, కోడాన్ 8/9, కోడాన్ 41/42, 619 బేస్‌ల డిలీషన్ ముందు చూస్తారు, దొరక్కపోతే మొత్తం జన్యువు సీక్వెన్సింగ్. మేనరికం కాబట్టి ఇద్దరిలో ఒకే మ్యుటేషన్ ఉండే అవకాశం ఎక్కువ, కానీ అలా అనుకుని ఒక్కరినే పరీక్షించకండి. 12 వారాలు దాటిపోతే 16వ వారం నుంచి ఉమ్మనీటి పరీక్ష ఉంది. పరీక్ష చేయించుకోవాలా, ఫలితం వచ్చాక ఏం చేయాలి అన్నది ఆ దంపతుల నిర్ణయం. సమయం ఉండగా వాళ్లకి తెలియజేయడం మన బాధ్యత.

పుట్టబోయే బిడ్డకి మేజర్ లేకుండా, పాపతో హెచ్ఎల్ఏ పూర్తిగా కలిసే అవకాశం 16లో 3. బీటా గ్లోబిన్, హెచ్ఎల్ఏ జన్యువులు వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి కాబట్టి 4లో 3ని 4లో 1తో గుణించాలి. క్యారియర్ అయినా దాతగా పనికొస్తారు. మార్పిడి ఖర్చుకి కోల్ ఇండియా 2017 నుంచి నడుపుతున్న తలసీమియా బాల సేవా యోజన కింద అర్హులకి 10 లక్షల దాకా సాయం ఉంది. హైదరాబాద్‌లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి రక్తం ఎక్కించడం, కౌన్సెలింగ్ చేస్తోంది. దూరమైతే మీ జిల్లాలోనే రక్తం ఎక్కించి, పరీక్షలకి మాత్రం అక్కడికి పంపవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా ఉంది, ధ్రువపత్రానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి.

ఐరన్ విషయం. అచ్చమైన ఎర్రకణాల మి.లీ.కి 1.08 మి.గ్రా. ఐరన్. పైన వేసిన 1,530 మి.లీ. లెక్కన ఏడాదికి 1,650 మి.గ్రా. పైమాట, శరీరానికి దాన్ని బయటికి పంపే దారి లేదు. 10 నుంచి 20 సార్లు రక్తం ఎక్కాక, లేదా ఫెరిటిన్ 1,000 దాటాక, మామూలుగా 2 ఏళ్లు నిండాక కీలేషన్ (మందుతో ఐరన్‌ని బయటికి పంపడం) మొదలుపెడతాం. డెఫెరాసిరాక్స్ నీళ్లలో కలిపే మాత్ర అయితే 20 మి.గ్రా./కిలోతో, ఫిల్మ్ కోటెడ్ అయితే 14తో. రెండూ ఒకే మందు, డోసులు ఒకటి కావు. షాపులో ఒకదానికి బదులు ఇంకొకటి ఇస్తే పాత డోసే కొనసాగించడం తరచూ జరిగే పొరపాటు. క్రియాటినిన్, కాలేయ ఎంజైములు నెలనెలా చూడాలి. ఇంకో కీలేషన్ మందు డెఫెరిప్రోన్ వాడితే న్యూట్రోఫిల్స్ వారంవారం, జ్వరం వస్తే మందు ఆపి వెంటనే కౌంట్.

పాప కార్డు మీద ఈరోజు తేదీ వేసి, కాలేయం 4 సెం.మీ., ప్లీహం 6 సెం.మీ., ఎక్కడినుంచి ఎక్కడికి కొలిచారో కూడా రాయించండి. పెరిగింది, తగ్గింది అనే మాటలు వద్దు. ప్రతిసారీ అదే గీత మీద, వీలైతే అదే మనిషి కొలవాలి. మార్పిడికి పిల్లలని మూడు తరగతులుగా విడదీసే పెసారో పద్ధతిలో చూసే మూడు విషయాల్లో కాలేయం 2 సెం.మీ. దాటిందా అన్నది ఒకటి, మిగతావి కాలేయంలో ఫైబ్రోసిస్, కీలేషన్ సరిగ్గా జరిగిందా అన్నవి. 4 సెం.మీ. కాలేయం సరైన రక్తంతో 2 లోపు దిగితే పాప మెరుగైన తరగతిలో ట్రాన్స్‌ప్లాంట్‌కి వెళ్తుంది. ఆరు నెలలు 9.5 పైన ఉంచాక కూడా దిగకపోతే హెపటైటిస్ పరీక్షలు తిరిగి చేయించి, ఏడాది రక్తం లెక్క తీసి, ఇక్కడే మళ్లీ రాయండి.